తాగుడు మాన్పుట – ఇల్లాండ్రెఱుగవలసిన సంగతులు

వేములవాడ రాజరాజేశ్వరస్వామి సన్నిధికి పోయినవారెల్లరును కోడెమ్రొక్కు చూచియే యుందురు. భక్తులు ధర్మగుండమున స్నానమాడి, కోడెదూడను పలుపుతో పట్టుకొని గుడిచుట్టు ప్రదక్షిణము చేసి, దానిని స్వామి సన్నిధిని కట్టివేయుదురు. సంతానము కొఱకు మ్రొక్కువారు, రోగము కుదురుటకు మ్రొక్కువారు, పాడిపంటల కొఱకు మ్రొక్కువారు ఆ వరుసలో నుందురు. పైకి చెప్పుకొనుటకు సిగ్గుపడి మనసులోనే చెప్పుకొను మ్రొక్కు మఱియొకటి గలదు. "రాజన్నా, మా యింటాయన తాగుడు మానితె నీకు కోడెను కడుత" అనునదే యా మ్రొక్కు. ఈ సీమలో ఏ వాడకు పోయినను ఈ మాట అనుకొనని యింటిని వెదకుట కష్టము.

మ్రొక్కును మేము తప్పుపట్టము. దిక్కుతోచని యిల్లాలికి గుడిమెట్టు కన్న దగ్గఱి దిక్కు వేఱొకటి కనబడకపోవచ్చును. కాని ఆ మ్రొక్కు వెంట సాధారణముగా నొక ఒట్టు నడచివచ్చును. దానిని గుఱించియే మేము సోదరీమణులతో ముచ్చటింపదలచినాము.

ఇట్టి యిల్లాలి నొకతెను మనసున నూహించుకొందము. పెనిమిటి సిరిసిల్లలో మరమగ్గముల పనివాడు. పది పండ్రెండేండ్లుగా ప్రతి సాయంకాలమును కల్లుదుకాణమునకు పోవుచున్నాడు. ఆమె అతనిని బతిమాలి, పిల్లలతో వేములవాడకు తోడ్కొని వచ్చినది. గుడిముందు అతడు చేయి చాచి, "రాజన్న మీద ఒట్టు, ఇయ్యాల్టినుంచి ముట్ట" అన్నాడు. ఆ మాటలో మోసము లేదు. ఆ రాత్రి అతనికి నిద్రపట్టలేదు. మఱునాడు చేతులు వణకినవి, చెమటలు పోసినవి, అన్నము సయింపలేదు. రెండవనాటి రాత్రి ఒడలు బిగిసి, నోట నురుగు వచ్చి, మూర్ఛ వచ్చినది. మూడవనాడు గోడమీద పురుగులు పాకుచున్నవనియు, ఎవరో తన్ను చంపవచ్చుచున్నారనియు కేకలు వేయుచు లేచి పరుగిడుచున్నాడు. అత్తగారు "గాలి సోకింది" అన్నది. ఇరుగుపొరుగువారు మ్రొక్కులో లోపము జరిగినదన్నారు. ఎవడో చేతబడి యనియు అన్నాడు. చివరకు మేనమామ యొకడు "కొంచెం పోయిండ్రి, తగ్గుతది" అని సీసా తెచ్చి నోట పోసినాడు. వణకు తగ్గినది, ఒట్టు పోయినది. నాటినుండి ఆ యింట "వాడు మానలేడు" అనుమాట స్థిరపడినది.

ఇందు గాలియు లేదు, చేతబడియు లేదు, స్వామి కోపమును లేదు. ఇది శాస్త్రజ్ఞులు చక్కగా నెఱిగిన శరీరధర్మము. ఎఱిగి డెబ్బది యేండ్లు కావచ్చుచున్నది. ఐనను ఆ యెఱుక మన వంటయింటి గడప దాటి లోనికి రాలేదు.

తాగుబోతులకు కలుగు ఈ వణకును పలవరింతయు తిండిలేమివలననే వచ్చునని పూర్వము పెక్కుమంది వైద్యులు తలంచుచుండిరి. అమెరికాదేశమున లెక్సింగ్టన్ నగరమందు హారిస్ ఇస్బెల్ అను వైద్యుడు 1955వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధన ఆ భ్రమను తొలగించినది. కొందఱికి మంచి భోజనమును విటమినులను ఇచ్చుచునే, కొన్ని వారములపాటు సారాయమును కూడ నిచ్చి, పిమ్మట ఒక్కమాఱుగా నిలిపివేసినారు. తిండికి లోటులేకున్నను వారికి వణకు పుట్టినది, కొందఱికి మూర్ఛలు వచ్చినవి, కొందఱు పలవరించిరి. కావున కారణము తిండిలేమి కాదు, హఠాత్తుగా మానుటయే యని తేలినది. ఆ ప్రయోగమునకు లోనైనవారు ఖైదీలు. అట్టి ప్రయోగమునకు నేడెవ్వరును అనుమతి నీయరు. మేమును దానిని మెచ్చుకొనము. తెలిసిన సత్యమును మాత్రము విడువరాదు.

ఇది ఎట్లు జరుగునో ఏతమును చూచినవారికి సులభముగా బోధపడును. మెదడులో ఉద్రేకపఱచు శక్తియు, అణచు శక్తియు సరితూకముగా నుండును. మత్తుపదార్థము అణచువైపున బరువు వేలాడదీయును. దినదినము ఆ బరువు పడుచుండుటచే మెదడు తన తూకమును నిలుపుకొనుటకు రెండవవైపున బలమును పెంచుకొనును. ఏండ్లకొలది అట్లుండగా బరువును ఒక్కపెట్టున తీసివేసినచో, బొక్కెన తెగిన ఏతపు మ్రాను వలె రెండవకొస ఎగిరిపడును. వణకు, నిద్రలేమి, మూర్ఛ, పలవరింత – ఇవన్నియు ఆ యెగిరిపాటే. కడపట త్రాగిన కొన్ని గంటలకు వణకు మొదలగును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవదినమునకు నాలుగవదినమునకు నడుమ పలవరింత వచ్చుచుండును. ఈ పలవరింతకు చికిత్స లేనిచో ప్రాణముపోవుటయు గలదు. త్రాగువారందఱికిని ఇట్లు కాదు. ఎక్కువగా, ఎక్కువకాలము, ప్రతిదినము త్రాగినవారికిని, పూర్వమొకసారి ఇట్టి మూర్ఛ వచ్చినవారికిని భయము హెచ్చు.

మన యుత్తర తెలంగాణమున దీనికి మఱియొక చిక్కు తోడైనది. చెట్టునుండి దింపిన తాటికల్లు, ఈతకల్లు వేఱు. దుకాణములో సీసాకెక్కు కల్లెల్లయు కల్లు కాదు. నీళ్ళను మత్తెక్కించుటకై క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, ఆల్‌ప్రాజొలాం అను నిద్రమందులను కలుపుట యీ జిల్లాలలో ఎన్నో యేండ్లుగా నడచుచున్న దురాచారము. జనులు డైజోఫాం అని పిలుచునది డయాజెపామే. దీనిని త్రాగువానికి తాను కల్లు త్రాగుచున్నానని నమ్మకము. అతని మెదడు మాత్రము నిద్రమాత్రలకు అలవాటు పడియుండును. 2015 సెప్టెంబరులో నిజామాబాదు మొదలగు జిల్లాలలో అధికారులు కల్తీకల్లుపై దాడులుచేసి దానిని అరికట్టిరి. చేసినపని మంచిదే. కాని దుకాణములు మూతపడిన కొలదిదినములకే వణకులతో, మూర్ఛలతో, మతి తప్పిన మాటలతో జనులు ఆసుపత్రులకు బారులు తీరిరి. వారిలో స్త్రీలును ఉండిరి. మరణములు సంభవించినట్లు నాటి పత్రికలు వ్రాసినవి. హైదరాబాదున ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకును రోగులు పెక్కురు చేరిరి. సరఫరా నాపుటకు పూనుకొన్నప్పుడే త్రాగువారి చికిత్సకును పూనుకొనవలెనన్న పాఠము ఆ నెలలో అందఱికిని కండ్లకు గట్టినది.

ఈ నిద్రమందులలో ఆల్‌ప్రాజొలాం శరీరమును త్వరగా విడుచును గనుక దాని బాధ ఒకటి రెండు దినములలోనే తలయెత్తును. డయాజెపాం చాలకాలము ఒంటిలో నిలుచును గనుక వారము గడచిన పిదపకూడ మూర్ఛ రావచ్చును. "మూడు దినములు గడచినవి, గండము తప్పినది" అని కల్తీకల్లు త్రాగినవాని విషయమున నిశ్చింతగా నుండరాదు.

మఱి చికిత్స యేమి? 1969లో అమెరికాదేశమున 537 మంది రోగులపై జరిపిన పరిశోధన యొకటి గలదు. వారిని గుంపులుగా చేసి, ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క మందును, ఒక గుంపునకు మందులేని మాత్రను ఇచ్చి చూచిరి. క్లోర్‌డయాజెపాక్సైడ్ అను మందు పుచ్చుకొన్నవారిలో మూర్ఛలును పలవరింతయు మిక్కిలి తక్కువగా కనబడినవి. చిత్రమేమన, ఇది డయాజెపాం కుటుంబమునకు చెందిన మందే. దుకాణదారుడు లెక్కలేక కలిపినప్పుడు విషమైనది, వైద్యుడు లెక్కగట్టి యిచ్చి, దినదినము కొంచెముకొంచెముగ తగ్గించుచు పోయినప్పుడు మందైనది. త్రాగుడు బాధకు ఈ తగ్గింపు చాలమందికి వారము పదిదినములలో ముగియును. నిద్రమందులకు ఏండ్లుగా అలవాటుపడినవారికి వారములు, ఒక్కొకప్పుడు నెలలు పట్టును. ఇంగ్లండులో న్యూకాసిల్ నగరమున హెదర్ ఆష్టన్ అను వైద్యురాలు 1982 నుండి 1994 వఱకు ఇందుకే ప్రత్యేకముగా నొక వైద్యశాలను నడపి, తొందరపడక మెల్లగా తగ్గించు పద్ధతిని రోగులకును వైద్యులకును నేర్పినది.

ఇచ్చట ఒక చిన్న సంగతి చెప్పక తప్పదు. మనయూళ్ళలో నీరసమనగానే గ్లూకోజుసీసా ఎక్కింపుమని అడుగుదురు. ఎక్కించువారును వెనుదీయరు. ఏండ్లకొలది త్రాగి, అన్నము సరిగా తినని వాని యొంటిలో థయమిన్ అను విటమిను మిక్కిలి తక్కువగా నుండును. అట్టివానికి ముందు థయమిన్ సూదిమందు ఇయ్యక వట్టి గ్లూకోజు ఎక్కించినచో ఉన్న కొంచెము విటమినును ఖర్చయి, మెదడు దెబ్బతిని, కండ్లు తిరుగుట, నడక తడబడుట, జ్ఞాపకము పోవుట మొదలగు ముప్పు రాగలదు. "థయమిన్ ఇచ్చినారా, అయ్యా?" అని యడుగుటకు చదువు అక్కఱలేదు. ఇల్లాలు అడుగవచ్చును.

ఇక దొంగమందు మాట. "ఆయనకు తెలియకుండ కూరలో కలిపిపెట్టుడు, పదిదినములలో మానును" అని పొట్లములు, చుక్కలమందులు అమ్మువారు సంతలలోను ప్రకటనలలోను కొల్లలు. కొన్నిటిలో నేమియు నుండదు. డబ్బు పోవును, అంతే. కొందఱు డైసల్ఫిరాం అను నిజమైన మందునే తెచ్చి రహస్యముగా కలిపిపెట్టుదురు. ఇది 1948లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు లోకమునకు తెలిపిన మందు. దీనిని పుచ్చుకొన్నవాడు త్రాగినచో ముఖము ఎఱ్ఱబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపుపోటు పడిపోవును. గుండెజబ్బు గలవానికి ప్రాణాంతకము కావచ్చును. త్రాగిన పిదప పండ్రెండు గంటలైనను గడువనిదే దీనిని ఈయరాదు. తెలిసి, ఒప్పుకొని పుచ్చుకొన్నవానికి "త్రాగినచో ఇట్లగును" అను భయము కాపుగా నిలుచును. తెలియనివానికి ఆ కాపేది? వాడు యథాప్రకారము త్రాగును, పడిపోవును. 1986లో ప్రకటితమైన 605 మంది పురుషుల పరిశోధనలో, ఈ మందు ఇచ్చినంతమాత్రమున మానినవారి సంఖ్య హెచ్చలేదని తేలినది. ఇంటివారి యెదుట ఇష్టపూర్వకముగా ప్రతిదినము మ్రింగినప్పుడే దానివలన మేలు కనబడుచున్నది. భర్తకు తెలియకుండ పళ్ళెములో మందు కలుపు చెల్లెలి కన్నీరు మే మెఱుగుదుము. ఐనను ఆ పని చేయవలదని గట్టిగా చెప్పుచున్నాము.

అతడు వైద్యుని యొద్దకే రాననిన నేమి చేయవలెను? ఇదియే నూటికి తొంబది యిండ్లలోని ప్రశ్న. దీనిపైనను పరిశోధన జరిగినది. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రమున జరిపి 1999లో ప్రకటించిన యొక పరీక్షలో, త్రాగువారిని గాక వారి భార్యలను, తల్లులను, బంధువులను 130 మందిని తీసికొని మూడు విధముల తరిఫీదు ఇచ్చిరి. ఒక గుంపునకు ఓర్పు వహించి తమ మనసును తాము కుదుటపఱచుకొను మార్గమును, రెండవ గుంపునకు బంధువులందఱును కూడి ఒకనాడు గట్టిగా నిలదీయు పద్ధతిని, మూడవ గుంపునకు నిత్యజీవితములో మెలగు నేర్పును బోధించిరి. మొదటి గుంపువారి యిండ్లలో నూటికి 13 మంది, రెండవ గుంపువారి యిండ్లలో 30 మంది, మూడవ గుంపువారి యిండ్లలో 64 మంది త్రాగువారు చికిత్సకు వచ్చిరి.

ఆ నేర్పేమనగా: మత్తులో నున్నప్పుడు వాదింపకుండుట, త్రాగని దినమున, త్రాగని గంటలో ఇష్టమైన వంటయు మంచిమాటయు పిల్లల ముచ్చటయు దొరకునట్లు చేయుట, త్రాగి వచ్చిననాడు వానిని దండింపక, ఆ సుఖములను మాత్రము వెనుకకు తీసికొనుట, అతడు పనికి పోలేనినాడు ఆసామికి అబద్ధము చెప్పి కాపాడకుండుట, ఒడలు నొచ్చి, మనసు కలుక్కుమని, "ఛీ, ఈ బతుకు" అని తానే అన్న గడియను కనిపెట్టి, అప్పుడే "రేపు దవాఖానకు పోదమా?" అని మెల్లగా అడుగుట. మన పెద్దమ్మలు కొందఱు ఈ నేర్పును చదువకయే యెఱుగుదురు. కాని కొట్టు చేతియెదుట ఈ నేర్పులేవియు పనికిరావు. దెబ్బలున్నచోట ముందు తానును పిల్లలును భద్రమైన తావు చేరవలెను. 2005నాటి గృహహింస చట్టము ఆమె పక్షమున నున్నది. స్త్రీల సహాయమునకు 181 అను టెలిఫోను సంఖ్యయు గలదు.

వైద్యులెక్కడ దొరకుదురన్న సందేహము సహజమే. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015–16లో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన దేశీయ సర్వేలో (మన రెండు తెలుగు రాష్ట్రములు అందు చేరలేదు) త్రాగుడు జబ్బుగలవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా ఏ చికిత్సయు పొందుట లేదని తేలినది. మానసిక వైద్యులు చాలినంతమంది లేరు, ఇప్పట్లో ఉండబోరు. కావున గోవాలో పరిశోధకులు వేఱుదారి పట్టిరి. వైద్యవిద్య లేని స్థానికులకు శిక్షణయిచ్చి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో కూర్చుండబెట్టిరి. త్రాగు పురుషులతో ఒకటి మొదలు నాలుగుసార్లు ముచ్చటించు పద్ధతి అది. 377 మందిపై చేసిన ఆ పరీక్ష ఫలితములు 2017లో లాన్సెట్ పత్రికలో అచ్చైనవి. మామూలు చికిత్సలో నూటికి 26 మంది ప్రమాదపు త్రాగుడు నుండి బయటపడగా, ఈ ముచ్చటలు తోడైనచోట 36 మంది బయటపడిరి. అద్భుతమని మేమనము. భార్యపై చేయిచేసికొనుట దీనివలన తగ్గినట్లు తేలలేదని ఆ పరిశోధకులే ఒప్పుకొనిరి. ఆ నిజాయితీ మాకు నచ్చినది. దానితోడి మఱియొక పరీక్షలో, దిగులుజబ్బు గలవారితో అట్టివారే ఆఱెనిమిదిసార్లు మాటలాడిరి. మామూలు చికిత్సలో నూటికి 39 మంది కోలుకొనగా, అచ్చట 64 మంది కోలుకొనిరి. ఆ దిగులు తీరిన స్త్రీలలో భర్తల దెబ్బలకు గుఱియగుటయు తగ్గినది. త్రాగువాని భార్యకును చికిత్స కావలసియుండునన్నమాట మనము మఱచుచుందుము.

తెలుగుపల్లెలలోనే జరిగిన పని యొకటి గలదు. పశ్చిమగోదావరి జిల్లాలోని ముప్పది గిరిజన గ్రామములలో ఆశా కార్యకర్తలకు చేతిపలకవంటి యంత్రములనిచ్చి, ఇంటింట దిగులును ఆందోళనను గుఱించి ప్రశ్నలు అడిగించిరి. వీథినాటకము లాడించి సిగ్గు పోగొట్టిరి. జబ్బు గుఱుతులున్నవారు 238 మంది తేలగా, వారిలో అంతకుముందు చికిత్స పొందినవారు ఇద్దఱే. పనిముగిసిన పిదప ముప్పదిమంది. రెండువందలమందికి పైగా ఇంకను మిగిలిరే యని యెవరైన అనవచ్చును. నిజమే. కాని ఆ ముప్పదిమందిని కదలించినది నగరమునుండి వచ్చిన పండితుడు కాడు, ఆ యూరి ఆడపడుచు.

గుడిని గుఱించి మొదలుపెట్టితిమి గనుక మరల గుడికే వత్తము. మతి చెడినవారిని, మత్తుకు లోనైనవారిని దేవస్థానములకు తెచ్చుట ఈ సీమలో పాతవాడుక. వేములవాడ గలదు, కొండగట్టు గలదు. శాస్త్రజ్ఞులు దీనిని ఎగతాళి చేయుదురని యనుకొనవలదు. తమిళనాట ముత్తుస్వామి గుడిలో ఆశ్రయము పొందిన 31 మంది మనోరోగులను నిమ్హాన్స్ వైద్యులు పరీక్షించి, సగటున ఆఱువారములు అచ్చట నున్న పిదప వారి జబ్బు లక్షణములు ఇంచుమించు నూటికి ఇరువదివంతులు తగ్గినవని 2002లో ప్రకటించిరి. అచ్చట మందును మంత్రమును లేవు. నెమ్మదియు, చిన్నచిన్న పనులును, ఆదరణయు మాత్రమున్నవి. అదే తమిళనాట ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టివేయబడిన రోగులు 28 మంది పాకలకు నిప్పంటుకొని కాలిపోయిరి. 2017నాటి మానసిక ఆరోగ్యచట్టము రోగులను గొలుసులతో కట్టుటను నిషేధించినది. గుజరాతులో ఉనావా దర్గావద్ద ప్రార్థనకు వచ్చినవారికి అచ్చటనే వైద్యుడును దొరకునట్లు "దవా–దువా" అను ఏర్పాటు చేసిరి. ప్రార్థన చేయించు ముజావర్లే రోగిని వైద్యునివద్దకు పంపుదురు. వేములవాడ ఆలయములోనే దర్గాయు నున్నది. కోడె కట్టు వరుసప్రక్కన నొక వైద్యుని బల్లయు నుండిన నెంత బాగుండునని మాకు తోచుచున్నది.

అంతవఱకు మన యూహలోని యిల్లాలు చేయదగిన పని యిది. మ్రొక్కు మ్రొక్కవచ్చును. "ఇయ్యాల్టినుంచి ముట్ట" అను ఒట్టు మాత్రము గుడిముందు వేయింపక, వైద్యుని చూచిన దినమున వేయింపవలెను. అంతవఱకు త్రాగుడు ఒక్కసారిగా నిలుపరాదు. పది దినములు ఆలస్యమైనందుకు రాజన్న కోపించునని మేమెన్నడును వినలేదు. దవాఖానకు పోవుటకు ముందు ఒక కాగితముపై ఈ సంగతులు వ్రాసికొని పోవలెను: దినమునకు ఎన్ని సీసాలు, ఎన్నేండ్లుగా, కల్లా, సారాయమా, రెండునా, కడపట త్రాగిన గంట యేది, నిద్రమాత్రలేమైన మ్రింగునా, మునుపు మానినప్పుడు మూర్ఛగాని పలవరింతగాని వచ్చినదా, కామెర్లు, రక్తపు వాంతులు ఉన్నవా. సిరిసిల్లలో 2023 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల నడచుచున్నది. వేములవాడకు అది ఆమడదూరమే. మూర్ఛగాని పలవరింతగాని ఇంటనే మొదలైనచో కాగితము మాట మఱచి 108కి చెప్పి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. మూర్ఛలోనున్నవానిని ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టవలెను. నోట నీళ్ళుగాని కల్లుగాని పోయరాదు, చేతిలో తాళపుచెవి పెట్టి కూర్చుండరాదు.

ఎవరితోనైనను ముందు మాటలాడి చూడవలెనని యుండి, ఊరిలో ఎవరికిని తెలియరాదని జంకు సోదరీమణులకు 14416 అను సంఖ్య గలదు. 2022 అక్టోబరు 10న ప్రభుత్వమువారు నెలకొల్పిన టెలి–మానస్ అది. రాత్రింబవళ్ళు పలుకుదురు, తెలుగులో పలుకుదురు, డబ్బు అడుగరు. త్రాగువాడే పిలువవలెనన్న నియమము లేదు. అతని భార్య పిలువవచ్చును, తల్లి పిలువవచ్చును, పదునెనిమిదేండ్ల కూతురును పిలువవచ్చును.